డెబ్బై రెండో గడి దాటాక

ఇంట్లో అత్తగారు చిన్న కోడల్ని మెచ్చుకోవడం వినీ వినీ పెద్ద కోడలి చెవులు చిల్లులు పడ్డాయి. అది చాలదన్నట్టు ఆ తోడికోడల్ని తనే సిఫారసు చేసి మరీ తన ఆఫీసులో చేర్పించుకుంది. కోరి తెచ్చుకున్న తలనొప్పి అంటే అదే.

ఆనకట్ట ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా పెద్ద కోడలి మాటకు తిరుగులేదు. మూడు ఏర్ల నీరు కలిస్తే సాయంత్రానికి నీటిమట్టం ఎంతవుతుందో చెప్పే ప్రోగ్రాము ఆమె ఫోర్‌ట్రాన్‌లో రాసిందే. ఆ పాత భాషను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరు మూలగదిలో ఉన్న ముసలి కంప్యూటర్లో తప్ప ఆ ఆఫీసులో ఇంకెక్కడా లేదు. అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. గది తాళంచెవి ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉండేది. వానలు మొదలైతే చీఫ్ ఇంజనీరంతటివాడు "అంకె వచ్చిందామ్మా?" అంటూ ఆ గుమ్మంలో నిలబడాల్సిందే.

చిన్న కోడలు చేరి ఆర్నెల్లు తిరక్కుండానే, ఎవరో పుణ్యాత్ములు ఊరికే వాడుకోమని ఇంటర్నెట్‌లో పెట్టిన ఓపెన్ సోర్స్ కంపైలరు దించుకుని, ఆ ప్రోగ్రామును తన లాప్‌టాప్‌లో నడిపేసింది. వేసవి కొలతలు ఇస్తే అంకె పాతదానితో అచ్చు గుద్దినట్టు సరిపోయింది. పెద్ద కోడలు పైకి నవ్వింది. చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్యాగులో తాళంచెవిని తడుముకుంది. బుధవారం మీటింగులో చీఫ్ సరేనంటే మూలగదికి శాశ్వతంగా తాళం పడుతుంది. తర్వాత తన గుమ్మం ఎవడు తొక్కుతాడు?

సోమవారం చిన్న కోడలు వానాకాలం కొలతలతో నడిపి కాగితం తెచ్చింది.

"అక్కా, ఒక్కసారి చూసిపెట్టవా? నువ్వు చూశావంటే నాకు ధైర్యం."

ముప్ఫై ఒక్క అడుగులని ఉంది. అవే కొలతలకు మూలగది కంప్యూటరు ఇచ్చింది ముప్ఫై నాలుగు. ఎందుకు రాలేదో పెద్ద కోడలికి చూడగానే తెలిసిపోయింది. పాతకాలపు ఫోర్‌ట్రాన్‌లో ఒక వరుసకు డెబ్బై రెండు గళ్ళే, గడికో అక్షరం. ఆ పైన ఏం రాసినా కంపైలరు నోరెత్తకుండా వదిలేస్తుంది. వరుసను విరిచి రాయడానికి బద్ధకించి, పెద్ద కోడలు ఆనాడే పాత కంపైలరు సెట్టింగుల్లో ఆ హద్దు పెంచేసింది. ఎవరికీ చెప్పలేదు. కొత్త కంపైలరుకు ఆ సంగతి తెలియదు కనుక, డెబ్బై రెండో గడి దాటాక రాసి ఉన్న మూడో ఏరు లెక్కలోంచి జారిపోయింది. వేసవిలో ఆ ఏరు ఎండిపోతుంది కాబట్టి తేడా బయటపడలేదు.

"బాగానే ఉందమ్మాయ్," అంది పెద్ద కోడలు. చిన్నది మీటింగులో నలుగురి ముందూ నవ్వులపాలు కావాలి. అంతకంటే ఆమెకేమీ అక్కర్లేదు.

బుధవారం చీఫ్ మూలగది కాగితం, చిన్న కోడలి కాగితం రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు. పెద్ద కోడలు కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది.

"అదీ సంగతి!" అన్నాడాయన బల్ల చరుస్తూ. "మన అంచనా కంటే నీళ్ళు ఎప్పుడూ కాస్త తక్కువే వచ్చేవి. పాత ప్రోగ్రామే తప్పన్నమాట. ఇరవై రెండేళ్ళు ఊరికే గేట్లెత్తి నీళ్ళు వదిలేశామా? ఇకనుంచి కొత్త అంకె ప్రకారమే వెళ్దాం."

పెద్ద కోడలు కోరుకున్నది ఇది కాదు. ఆమె ఎప్పుడూ ఓ అడుగు ఎక్కువే చెప్పేది, జాగ్రత్త కోసం. ఇప్పుడు ఏకంగా మూడడుగులు తగ్గించి చెబితే గేట్లు వేళకు ఎత్తరు, ఆనక ఒక్కసారిగా వదిలే నీళ్ళకు దిగువ ఊళ్ళు మునుగుతాయి. నోరు విప్పితే మూలగది పోతుంది, విప్పకపోతే ఇన్నేళ్ళ పేరూ పోతుంది, ఊళ్ళూ పోతాయి.

"కాదు సార్. తప్పు కొత్తదాంట్లో ఉంది," అని లేచి, గళ్ళ సంగతంతా చెప్పేసింది.

చిన్న కోడలు గబగబా కంపైలరుకు వరుస హద్దు పెంచమని చెప్పి మళ్ళీ నడిపింది. ముప్ఫై నాలుగు. మూలగది పని అయిపోయింది.

"మరి ఇది ముందే ఎవరికీ చూపించలేదా?" అని గద్దించాడు చీఫ్.

చిన్న కోడలు తలెత్తి పెద్ద కోడలి కళ్ళలోకి చూసింది. ఆ చూపులో అంతా తెలిసినట్టే ఉంది.

"లేదు సార్. అక్కకు చూపించాల్సింది. నాదే తొందరపాటు," అంది.

పెద్ద కోడలు తల దించుకుంది. తిట్టినా బాగుండేది. ఆ మాట అనగలిగినందుకు, తన జీవితంలో ఎన్నడూ లేనంతగా ఆ పిల్లను చూసి కుళ్ళుకుంది.