అప్పలనరసమ్మ కూతురు

శిశిరము తన చివరి చలిని మూటగట్టుకొని పయనమగుచుండగా వసంతము వాకిట నింకను జెప్పులు విడువకమున్నే తీరమునందలి యెఱ్ఱమట్టిదిబ్బలపై జీడిమామిడితోపులన్నియు నొక్కపెట్టున బూచి తమ ఘాటుపరిమళమును సముద్రపవనమునకు గుత్తకిచ్చినట్లు వెదజల్లుచుండ, ఆ పవనము తెప్పల తెరచాపలను నింపి మిగిలినంతలో గొండచఱియనున్న యొక పొడవాటి పెంకుటింటి గవాక్షములలో దూఱి యందు వరుసగా బఱచియున్న మంచములను బేరుపేరున బలుకరించుచుండెను.

ఆ యిల్లు క్రైస్తవసన్న్యాసినులు నడుపు నంత్యోపచారశాల. వైద్యులు చేతులెత్తివేసినవారికి జేతులు పట్టుకొనువారు దొరకుచోటు. మందు పాఱనిచోట మాట పాఱునని నమ్మిన సిస్టరు ఫిలోమినా యా శాలకు బెద్దదిక్కై యూరిలోని కోవెలవారితోడను మసీదువారితోడను జివరకు బదియిండ్లకు మించని యూదుల ప్రార్థనాసభవారితోడను నొడంబడిక కుదుర్చుకొని పోవువారి చెవికి వారివారి దేవుని మాట వారివారి మనుష్యుల నోటనే సోకునట్లు ఏర్పాటు గావించియుండెను.

ఒకనాటి యుదయమున నామె స్త్రీల వార్డు గుమ్మమున నిలిచి "తవిటమ్మా! నీకోసం రబ్బీగారు వస్తున్నారు" అని చెప్పుటయే తడవుగా ప్రక్కమంచమునందలి సూరీడమ్మ, జన్మమంతయు బొలము దున్ని చెవులను మాత్రము బీడు పెట్టుకొన్న యా రైతువృద్ధ, దిగ్గున లేవబోయి గగ్గోలు పెట్టెను.

"రబీ వొచ్చీసిందేటి? మరి మా పెసలు తీసేరో నేదో!"

"పంట గాదప్పా, పంతులు!" అని తవిటమ్మ యఱచెను. "కోతకొచ్చింది నీ పెసలు గాదు, నానే!"

ఆ మాటతో వార్డంతయు నవ్వెను. కొబ్బరిపీచు పేని పేని తానును బీచువలెనే సన్నగిల్లిన తవిటమ్మకు గడుపులోని పుండు కండను దినెనేగాని కారమును దినలేకపోయెను.

రానున్న ఎలియెజరు మాస్టరు పిలుపునకు రబ్బీగారే గాని నిజమునకు రబ్బీ కారు. ఉన్నతపాఠశాలలో లెక్కలు చెప్పి విరమించిన పిమ్మట దమ చిన్న సభకు బెద్దయైనవాడు. పదుగురు పురుషులు కూడినగాని సభాప్రార్థన సాగదు గావునను, ఆనాడు వాహనము సమకూర్చుట మసీదువారి వంతు గావునను, వారి వ్యానులో దక్కినవారి నెక్కించుకొని వచ్చి చేతిలో బ్రార్థనపుస్తకముతో మనస్సులో నొక బెంగతో మంచముకడ నిలిచెను. ఆ బెంగకు గారణము గలదు. దూరదేశములనుండి వచ్చి మీరు నిజముగా యూదులేనా యని తరచి చూచు నతిథులు మునుపొకసారి సభ్యుల పేరులు విని మీసములలో నవ్విరి. అది మొదలు మాస్టరు సింహాద్రులను షిమ్యోనులుగను ఎఱ్ఱమ్మలను ఎస్తేరులుగను మార్చుచు బేరులకు గిల్టు పూయుచు వచ్చెను. సభలో జేరకమునుపే తల్లిని బోగొట్టుకొన్నవారిని ప్రార్థనలో బూర్వమాతయగు సారా సంతతిగా జదువవలయునను నియమమును గూడ నాయన పెట్టినదే. పోవుచున్న యీ యప్పకైనను నవ్వులపాలుగాని పేరొకటి యిచ్చి పంపవలయునని యాయన కోరిక.

"అప్పా! వ్యాధి ముదిరినవారికి గ్రొత్తపేరు పెట్టుట మన పెద్దల యాచారము. పాతపేర వచ్చిన తీర్పు క్రొత్తపేరివారికి జెల్లదు. నేటినుండి నీవు హయ్యా. అనగా జీవము."

తవిటమ్మ కన్నులు చిట్లించెను. "అయ్యా యేటి మేస్టారూ, ఆడకూతురికి? నన్నెవులైనా అయ్యా అని పిలిస్తే మా ముసలోడు గోతిలోంచి నెగిసొచ్చీగలడు!"

పదుగురిలో నిద్దఱు నవ్వాపుకొనలేక గోడవైపు దిరిగిరి. మాస్టరు గొంతు సవరించుకొని పుస్తకము దెఱచి, సారాపుత్రికయగు హయ్యాను గరుణింపుమని మొదలిడెనో లేదో యెముకయు జర్మమునైన యొక చేయి గాలిలోనికి లేచెను.

"ఆగండి. సారా ఎవులు?"

"మనకందఱకును దల్లి. నీ తల్లి మన ప్రార్థన లెఱుగకయే పోయినది గదా. అందుచే ఆ మహామాత పేర..."

"సారమ్మ మంచిదే అవుద్ది. నాను కాదన్ను. ముగ్గురు పిల్లల్ని మట్టిలో పెట్టీసి, నాను పుట్టేసరికి నన్ను సెత్తకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటామె ఎత్తుకుంటే దోసిడు తవుడిచ్చి మల్లీ కొనుక్కున్నాది మాయమ్మ. ఇది తవుడు ఖరీదు పిల్లే, దీన్నేటి సేసుకుంటావని సావుకి సెప్పడానికి. అలా ఒకపాలి మోసం సేసినాం. సాలు. ఇప్పుడు దొంగపేరెట్టుకుని మంచంకింద దాక్కోమంటావేటి? రానీ. నాను తవిటమ్మని, అప్పలనరసమ్మ కూతుర్ని అని మొకంమీదే సెప్తాను. నా కడుపులో పుండుకి నేని బయం నీకెందుకు మేస్టారూ?"

ఇంత పలుకునప్పటి కామె యూపిరి యెగదట్టెను. సిస్టరు వచ్చి తల యెత్తి పట్టుకొనెను. వెనుకనుండి యొకడు మాస్టరు చెవిలో "పేరలాగే చదివితే ఊళ్లోనే నవ్వుతారండీ, పైవాళ్లు విన్నారంటే మనల్ని యూదుల లెక్కలోంచే తీసేస్తారు" అని గొణిగెను. లెక్కల మాస్టరునకు ఆ లెక్క తెలియనిది గాదు.

తవిటమ్మ మరల నోరు విప్పెను. ఈసారి గొంతు చిన్నది, మొండితనము పెద్దది.

"మాయమ్మ పేరు నేని పెర్దనకి నాను ఆమేననను. సచ్చినా అనను."

"నానూ అనను!" అని సూరీడమ్మ వంత పాడెను. ఆమెకు జగడము వినబడలేదు, ఆమేననునది కూరయో నారయో తెలియదు, కాని మంచము ప్రక్కనున్నవారి పక్షము వహింపవలయునని మాత్రము తెలియును.

మాస్టరు సిస్టరువంక జూచెను. ఆమె రోగి తలను వదలక "మీకు చోటివ్వడమే మా పని మాస్టారూ, మాట మీది" అనెను.

మాటయే తనదైనచో నది యెవరికొఱకని యెలియెజరు తన్ను దాను బ్రశ్నించుకొనెను. మీసములలో నవ్విన యా యతిథులు నే డెచటనో తమ యిండ్లలో సుఖముగా నున్నారు. ఇచట నీ మంచముపైనున్నది మూడు శవములను మోసినపిదప గూడ నాల్గవబిడ్డను బ్రతికించుకొనుటకు మృత్యువుతో బేరమాడిన యొక తల్లి బిడ్డ. ఆ తల్లి యూదులు వారము వారము విశ్రాంతిదినమునకై వెలిగించు సబ్బాతు దీప మెఱుగకపోవచ్చును. దీపము నారిపోకుండ జేతులడ్డుపెట్టుట యెఱుగును. అట్టిదాని పేరు గొట్టివేయుటకు దనకు సారా యెప్పుడు సెలవిచ్చెను? వెనుకటి గొణుగు మరల వినబడగా "వినువారు వినుదురుగాక!" అని వెనుదిరుగకయే పలికి పుస్తకము మూసి కన్నులు మూసి యుచ్చైఃస్వరమున జదివెను.

"తవిటమ్మను, అప్పలనరసమ్మ కూతురును, గరుణించువాడు గరుణించుగాక."

పదుగురును ఒక్కక్షణము తటపటాయించి యామేననిరి. తవిటమ్మ పెదవులు కదలెనుగాని యామేను రాలేదు.

"మల్లీ సెప్పండి మేస్టారూ. సూరీడమ్మకి ఇనపడ్నేదు."

ఆయన మరల జెప్పెను. ఈసారి క్రింద వ్యానులో గునుకుచున్న డ్రైవరు సయితము లేచి కూర్చుండెను. "ఆమేన్" అని తవిటమ్మ యనెను. "ఆమేన్" అని సూరీడమ్మ యంతకంటె బిగ్గరగా ననెను.

వారము తిరుగకమున్నే యొక మిట్టమధ్యాహ్నమున తవిటమ్మ మరణించెను. సభలోని స్త్రీలు స్నానము చేయించి తెల్లని నార చీరలో జుట్టిరి. సన్న్యాసినులు గుమ్మమువఱకు మోసిరి. మసీదువారు తమ వంతు గాకున్నను వ్యాను బంపిరి. శ్మశానమున గోతి యంచున మునుపటి గొణుగుడే మరల వచ్చెను. బ్రతికినన్నాళ్లు ముసలిదాని మాట చెల్లినది, ఇప్పుడైనను సారాపేర జదివి పరువు నిలుపుడని. ఎలియెజరు "నిలుపుచున్నాను" అని బదులిచ్చి గొంతులో నున్న బలమంతయు గూర్చుకొని సముద్రము వినునట్లు పిలిచెను.

"తవిటమ్మా! అప్పలనరసమ్మ కూతురా!"

"ఓయ్!" అని గోడకావలినుండి యెవరో పలికిరి.

చేరినవారి యొడలు ఝల్లుమనెను. గోడకవతల ఎండలో మెఱయుచున్న యుప్పుమళ్లలోనుండి మోకాళ్లవఱకు జీర యెగదోపుకొన్న నడివయస్సు స్త్రీ యొకతె పారతో గూడ నడచివచ్చి గోడపై మోచేతులాన్చెను.

"ఎవులు బావూ నన్ను పిలిసినారు?"

నవ్వవలెనో యేడువవలెనో తెలియని యా గుంపునకును ఆమెకును వినబడునట్లు మాస్టరు సంగతియంతయు వివరించెను. పిలిచినది నిన్ను గాదు తల్లీ, ఈ యప్పను; ఈమె పేరును దవిటమ్మయే; మార్చెదమన్నను మార్చుకొననన్నది; తల్లి పేరు లేనిదే ప్రార్థన వలదన్నది.

ఆమె విని తల యూచెను. "ఆ పేరు ఊరికే ఎవులూ ఎట్టరు బావూ" అని పార గోడకు జేర్చి యెవరి యనుమతియు నడుగక గోడ దాటి వచ్చి గోతికడ వంగెను. ఆమె యరచేతుల కంటియున్న యుప్పు పిడికెడు నెఱ్ఱమట్టితో గలిసి తెల్లతెల్లగా మెఱయుచు లోనికి రాలెను.