పరిగడుపు గోళీ

"గోళీలు ఎన్ని రోజులు మరిచినవమ్మా?" డాక్టర్ భానుచందర్ కంప్యూటర్ మీంచి చూపు తీయకుండా అడిగాడు.

"ఒక్కరోజు గూడ మర్వలే సారూ."

అనసూర్య కొత్తవాడలో జంపఖానాల మగ్గాలకు కండెలు చుడుతుంది. భర్త మార్కండేయులు పోయినప్పటి నుంచి, తొమ్మిదేళ్లుగా, ఈ దవాఖానలో హెచ్ఐవి మందు తీసుకుంటోంది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈసారి పరీక్షలో వైరస్ పెరిగినట్టు తేలింది. ఏ మందు ఇవ్వాలో డాక్టర్లకు సూచించే కొత్త సాఫ్ట్‌వేర్ అందుకు కారణం అడుగుతోంది. రెండే గడులు: మరిచిపోయారు, మానేశారు. భానుచందర్ మొదటిది నొక్కాడు. మందు మార్చమని వచ్చింది.

"ఇగ రెండు పూటలా వేసుకోవాలె. నాలుగైదు గోళీలు."

ఒక్కదాన్ని కోడలి కంట పడకుండా మింగడానికే తొమ్మిది ఉపాయాలు పన్నాల్సి వస్తోంది. అనసూర్య కుర్చీలోంచి లేవలేదు.

"మర్చిన్నని నొక్కిన్రు గద, అది తీసెయ్యుండ్రి."

"బయట నలభైమంది ఉన్నరమ్మా."

"ఉండనియ్యుండ్రి. గా కంప్యూటర్ డబ్బ మా ఇంటికొచ్చి చూసిందా? మా ఆయన దినం నాడు గూడ మింగిన నేను."

భానుచందర్ కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "సరే. ఎట్ల వేసుకుంటవో చెప్పు."

"లేస్త, మొఖం కడుక్కుంట. పరిగడుపున ఇదీ, రక్తం గోళీ రెండూ గుప్పిట్ల పెట్టి ఒక్క గుటకల మింగుత. కోడలు చూసినా రక్తం గోళే అనుకుంటది."

"ఆగాగు. రక్తం గోళీ ఎవరిచ్చిన్రు?"

"మా వాడకొచ్చే ఆశ వర్కరమ్మ. ఆర్నెల్లాయె."

అతను నుదురు రుద్దుకున్నాడు. "పరిగడుపున రెండూ కలిస్తే రక్తం గోళీల ఉండే ఇనుము ఈ మందును ఒంటికి పట్టనియ్యదు. మింగినా మింగనట్టే."

"మరి గీ ముచ్చట మీ డబ్బ అడగదా?"

"అడగలే. నేనూ అడగలే." పేజీ మూసేశాడు. "మందు మార్చను. మూడు నెలలకు మళ్ల పరీక్ష చేద్దాం. ఇది పొద్దుగాల ఒక్కటే వేసుకో. రక్తం గోళీ రాత్రి, తిన్నంక."

"నా పుస్తకంల రాయుండ్రి, ఒక్కరోజు గూడ మర్వలేదని."

రాశాడు. చదివి వినిపించమంది. వినిపించాడు.

తెల్లారి అరచేతిలో ఆ ఒక్క గోళీ పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"గోళీ మారిందేంది అత్తమ్మా? ఎర్రగుంటుండె గద," అంది కోడలు భవాని.

"మారలే. తొమ్మిదేండ్ల సంది ఇది గూడ మింగుతున్న. మీ మామ పోయింది కామెర్లతోటి కాదు, హెచ్ఐవితోటి. నాకూ ఉంది. గీ గోళీ ఉన్నన్ని రోజులు నాకేం గాదు, నీకేం గాదు. దాచుడు నాతోని గాదింక. జర చెంబియ్యి."

భవాని కదల్లేదు. అనసూర్యే వంగి చెంబు తీసుకుంది. కోడలి మొఖంలోకి చూస్తూ, గుప్పిట మూయకుండా, గోళీ నోట్లో వేసుకుంది.