పుర్రచేతి దొర

నరసాపురం కాలువగట్టు పేటలో బొమ్మల సావిడి మూతపడి చాలా ఏళ్ళయింది. పెద్దరాజుగారు కాశీవిశ్వనాథరాజు పోయిన ఏడే తలుపులకి తాళం పడింది. తర్వాత అందులో తవుడు పోశారు, ఊక పోశారు, విరిగిన పల్లకీ ఒకటి తెచ్చి పడేశారు. సామ్యేలు ఆ దారిన పోయినప్పుడల్లా తల అటు తిప్పుకునేవాడు. తల తిప్పుకున్నా తవుడు వాసన ముక్కుకి తగిలేది.

పెద్దరాజుగారి రోజుల్లో అక్కడ ప్రతి శనివారం లాంతరు బొమ్మలు ఆడేవి. తన దేశం వెళ్ళిపోతూ ఒక దొరగారు వదిలేసిన లాంతరు అది. రేకు పెట్టె, లోపల కిరసనాయిలు దీపం, ముందు ఇత్తడి గొట్టం, గొట్టానికి భూతద్దం. రంగుల బొమ్మ వేసిన గాజు పలకని మధ్యలో దోపితే, సావిడి నడుమ కట్టిన తెల్లగుడ్డ మీద అది ఏనుగంత అయి పడేది. గుడ్డని ముందే నీళ్ళతో తడిపేవారు. తడిస్తే వెలుతురు అవతలికి కూడా పోతుంది. ఇవతల మగవాళ్ళు, అవతల ఆడవాళ్ళు. రాజుల ఆడవాళ్ళు ఘోషా గనక పెద్దరాజుగారే ఆ ఏర్పాటు చేశారు.

లాంతరుకి ఇద్దరు మనుషులు. చిట్టియ్య, సామ్యేలు. చిట్టియ్య నోరు, సామ్యేలు చెయ్యి. సామ్యేలు పలక మారుస్తుంటే చిట్టియ్య గొంతెత్తి కథ చెప్పేవాడు. "అదుగో బాబూ, గుర్రమెక్కిన దొర! కత్తి దూశాడు, ఇహ చూసుకోండి!" అనేవాడు. దొర బొమ్మ పడగానే గుడ్డ అవతల ఆడవాళ్ళు పకపకా నవ్వేవారు. అది తన మాటకారితనమే అనుకుని చిట్టియ్య మీసం సవరించుకునేవాడు.

చిట్టియ్య పోయాడు. నోరు పోయాక చెయ్యి ఒక్కటీ మిగిలింది.

పెద్దరాజుగారి కొడుకు గోపాలరాజు రాజమహేంద్రవరంలో చదువుకుని వచ్చినవాడు. లాంతరు బొమ్మలు ఆయన ఎప్పుడూ చూసింది లేదు. సావిడి కప్పు విప్పించి ఆ దూలాలతో రేవు దగ్గర ధాన్యం కొట్టు కట్టిస్తానన్నాడు. ఆ మాట విని సామ్యేలు పొద్దున్నే వెళ్ళి దివాణం అరుగు కింద నిలబడ్డాడు. ఎండెక్కాక గాని గోపాలరాజు బయటికి రాలేదు.

"ఏం సామ్యేలూ, ఏం పని?"

"తియ్యకండి."

"ఏం తియ్యకూడదు?"

"కప్పండి."

"ఎందుకూ?"

చెప్పాల్సింది చాలా ఉంది. చిట్టియ్య ఉంటే ఈపాటికి రాజుగారిని నవ్వించి, ఏడిపించి, తాళంచెవి చేతికి తీసుకునేవాడు. సామ్యేలు తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు.

అదృష్టం కొద్దీ లోపలి నుంచి దాసీ సూరమ్మ వచ్చింది. "అమ్మగారు ఓసారి ఆ బొమ్మలు చూస్తారంటండి బాబూ. బాగుంటే సావిడి ఉంచమంటున్నారు." అమ్మగారంటే గోపాలరాజు తల్లి సుభద్రమ్మ.

"సరే," అన్నాడు గోపాలరాజు. "అమ్మగారికి నచ్చితే మళ్ళీ తెరిపిస్తాను. లేకపోతే మాత్రం నన్నేమీ అనకు."

సామ్యేలు తవుడు ఎత్తించాడు. ఎలుకలు కొట్టిన గుడ్డకి బదులు కొత్త గుడ్డ కట్టాడు. అలవాటు కొద్దీ నీళ్ళు కొట్టాడు. కిటికీల్లో గోనెలు కుక్కి మధ్యాహ్నమే సావిడిని చీకటి చేశాడు. పలకలన్నీ పాత గుడ్డతో తుడిచాడు. ప్రతి పలక మూలా చిట్టియ్య వేసిన తెల్ల చుక్క ఉంది. ఆ చుక్క మీద బొటనవేలు పడేలా పట్టుకుని దోపితే బొమ్మ తప్పనేది ఉండదు.

సుభద్రమ్మ ముసుగుతో వచ్చింది. గుడ్డ అవతల చాప పరిచి ఉంది. ఆవిడ అటు పోలేదు.

"అమ్మగారు ఇటేపే కూర్చుంటారంట," అంది సూరమ్మ. "బయటి మగాళ్ళెవరూ లేరు కదా అంటున్నారు."

గుడ్డ ముందు కుర్చీ వేశారు. వెనకాల లాంతరు దగ్గర సామ్యేలు, పక్కన గోపాలరాజు. ఓడ పడింది. కథ చెప్పే నోరు లేదు. రేవు పడింది. సుభద్రమ్మ తల అటూ ఇటూ కదిలింది. తర్వాత గుర్రమెక్కిన దొర పడ్డాడు. ఎర్ర కోటు, తెల్ల గుర్రం, దూసిన కత్తి. రంగు ఒక్కచోట కూడా పోలేదు. సామ్యేలు గుండె నిండింది.

"అమ్మగారు అడుగుతున్నారు, ఈ దొర ఎవరూ అని," అంది సూరమ్మ.

"దొర," అన్నాడు సామ్యేలు.

"మన దొర కాదంటున్నారు."

"ఆ దొరే."

"మన దొర పుర్రచేతి దొరంట. కత్తి ఎడంచేత్తో పట్టేవాడంట."

సామ్యేలు గుడ్డ వంక చూశాడు. కత్తి కుడిచేతిలో ఉంది. మొదటి శనివారం నుంచీ అక్కడే ఉంది.

"ఎప్పుడూ కుడిచెయ్యే."

ముసుగులోంచి సుభద్రమ్మే మాట్లాడేసింది. "సూరమ్మా, నేనేం గుడ్డిదాన్నా? ఓడ కూడా ఇటు పోయేది కాదు, అటు పోయేది. ఇవి మా బొమ్మలు కావు."

గోపాలరాజు ముఖం మారిపోయింది. "పాత అద్దాలు ఏం చేశావు సామ్యేలూ?"

"ఇవేనండి."

"అయితే అమ్మగారు అబద్ధం చెబుతున్నారా?"

సామ్యేలుకి ఒళ్ళు మండింది. ఏదో ఒకటి చెప్పకపోతే సావిడి పోతుంది. నోటికి వచ్చింది అనేశాడు. "అమ్మగారి కళ్ళకే ఏదో అయ్యుంటదండి."

సూరమ్మ నోరు నొక్కుకుంది. సుభద్రమ్మ లేచి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

"పొద్దున్నే కప్పు విప్పిస్తాను," అన్నాడు గోపాలరాజు.

ఇంటికి వచ్చి సామ్యేలు చెంబు విసిరికొట్టాడు. భార్య సువార్తమ్మ గుమ్మంలో కూర్చుని మిషను దొరసానులకి ఇవ్వాల్సిన లేసు అల్లుతోంది. చెంబు వంక చూసింది. మొగుడి వంక చూసింది.

"ఏమయ్యా, చెంబేం చేసింది నిన్ను?"

"పుర్రచేతి దొరంట! ఆవిడ పుర్రచెయ్యి, ఆవిడ తల!"

సువార్తమ్మ చేతిలో సూది ఆగింది. నవ్వడం మొదలెట్టింది. "అయ్యో, పుర్రచేతి దొరా! ఆడు పడ్డాడంటే చాలు, మేం కడుపు పట్టుకునేవాళ్ళం. అన్నం ఏ చేత్తో తింటాడే, కడుక్కునేది ఏ చేత్తోనే అని రాజుల ఆడవాళ్ళే మొదలెట్టేవారు."

"నువ్వూ అదే మాటా? కుడిచెయ్యే!"

"ఎడంచెయ్యే. నా కళ్ళతో చూశాను."

"ఎక్కణ్ణుంచి చూశావే?"

"ఎక్కణ్ణుంచేంటి? ఆడాళ్ళం గుడ్డకి అవతల కదా కూర్చునేది."

అన్నేళ్ళలో బొమ్మ ఆడుతుండగా ఒక్కసారి కూడా సామ్యేలు గుడ్డ అవతలికి వెళ్ళలేదు. దీపం వదిలి కదలకూడదు. అటు మగవాడు అడుగు పెట్టకూడదు. ఇవతల కుడి అయింది అవతల ఎడమే అవుతుంది. ఇంత చిన్న సంగతి చిట్టియ్యకీ తట్టలేదు, తనకీ తట్టలేదు.

"ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం?"

"నువ్వెప్పుడడిగావు?" అని ఆమె మళ్ళీ సూది అందుకుంది.

తెల్లారి వెళ్ళేసరికి సావిడి మీద ఇద్దరు మనుషులు ఎక్కి పెంకులు దింపుతున్నారు. సామ్యేలు పరుగులాంటి నడకతో దివాణానికి పోయాడు. ఈసారి అడిగేదాకా ఆగలేదు.

"అమ్మగారు చెప్పింది నిజమేనండి. నేను చెప్పిందీ నిజమేనండి. ఆవిడ అవతల కూర్చున్నారండి. నేను ఇవతలండి. గుడ్డ తడిగుడ్డండి. అవతల్నించి చూస్తే తిరగబడి కనబడతాదండి." బతుకులో ఒక్క గుక్కలో అన్ని మాటలు ఎప్పుడూ అనలేదు. రొప్పు వచ్చింది.

గోపాలరాజు నవ్వేశాడు. "ఇంతేనా? దీనికి పెద్ద గొడవేంటి! అమ్మగారి కుర్చీ అవతల వేయిద్దాం."

"వెయ్యనివ్వను," అంది తలుపు వెనకాల నుంచి సుభద్రమ్మ. ఈసారి సూరమ్మ పక్కనే ఉన్నా ఆమె చేత చెప్పించలేదు. "మీ నాన్నగారున్నన్నాళ్ళూ వెనకే కూర్చున్నాను. ఇంక కూర్చోను. నేను ముందే కూర్చుంటాను. దొర మాత్రం నా దొరే ఉండాలి."

"దొరది నిజానికి కుడిచెయ్యండి అమ్మగారూ," అన్నాడు సామ్యేలు.

"ఎవరికి నిజం?" అంది ఆమె. తర్వాత గొంతు తగ్గింది. "నాది పుర్రచేతి వాటం సామ్యేలూ. చిన్నప్పుడు నా ఎడంచెయ్యి నడుముకి కట్టేసి అన్నం తినిపించేవారు. అక్కడ అంత మంది నవ్వుతుంటే నేనొక్కదాన్నే నవ్వేదాన్ని కాదు. అంత పెద్ద దొర, గుర్రం మీద, ఎవరికీ జడవకుండా అదే చెయ్యి ఎత్తేవాడు. అతణ్ణి చూడ్డానికే శనివారాలు వచ్చేదాన్ని. ఆ అద్దం తిప్పి పెట్టలేవా?"

ఆ మాట ఎవరైనా అడుగుతారేమోననే సామ్యేలు భయపడ్డాడు. తిప్పి పెట్టొచ్చు. పసిపిల్ల చేసే పని. కానీ లాంతరు మనిషికి అంతకంటే సిగ్గుమాలిన తప్పు లేదు. ఒకసారి పొరపాటున తిప్పి పెడితే మగవాళ్ళు ఈలలు వేశారు. చిట్టియ్య మళ్ళీ శనివారం దాకా పలకలేదు.

"పెట్టొచ్చండి. తప్పండి అది."

"తప్పయితే అవనీ."

గోపాలరాజు విసుక్కున్నాడు. "సామ్యేలూ, పెంకులు దిగిపోతున్నాయి. సావిడి కావాలా, వద్దా?"

అవతలెక్కడో పెంకు పగిలిన చప్పుడైంది.

"కావాలండి."

ఆ మధ్యాహ్నమే మళ్ళీ ఆడించాడు. పెంకులు పోయిన చోట తాటాకు చాపలు కప్పారు. పలక తిరగేసి పట్టుకుంటే బొటనవేలికి చుక్క తగల్లేదు. బొత్తాలు లేని చొక్కా తొడుక్కుని చర్చికి వెళ్ళినట్టుంది అతనికి. దొర పడ్డాడు. ఎడంచెయ్యి ఎత్తాడు.

"ఆఁ," అంది సుభద్రమ్మ. చాలాసేపు ఆ బొమ్మ మార్చనివ్వలేదు. దీపం వేడికి పలక పగిలిపోతుందేమోనని సామ్యేలు లోలోపల ఉడికిపోయాడు.

"బాగుంది," అన్నాడు గోపాలరాజు. "శనివారం పేటలో అందరికీ చెప్పు. ఆడవాళ్ళు ఇవతల, మగవాళ్ళు అవతల. బొమ్మలన్నీ అమ్మగారి లెక్క ప్రకారమే. అన్నట్టు, బొమ్మకి మాట కూడా ఉండాలటగా? నువ్వే చెప్పు."

అవతల కూర్చునే మగవాళ్ళకి దొర కుడిచెయ్యే కనబడుతుంది. వాళ్ళకి ఏ బెంగా లేదు. తప్పు బొమ్మ చూస్తూ కూర్చోవాల్సింది లాంతరు దగ్గరున్న తనొక్కడే. ఆ సంగతి చెప్పుకుందామన్నా ఆ తప్పేంటో తెలిసిన ఒక్క మనిషీ మట్టిలో ఉన్నాడు.

సామ్యేలు తర్వాతి పలక అందుకున్నాడు. ఓడ. బొటనవేలు దానంతటదే వెళ్ళి చుక్క మీద కూర్చుంది. గుడ్డ మీద ఓడ కుడివైపుకి సాగింది.

కుర్చీలోంచి చిన్న దగ్గు వినబడింది.

"అమ్మగారంటున్నారు..." అని మొదలెట్టింది సూరమ్మ.

"విన్నాను," అని సామ్యేలు పలక లాగి, తిప్పి, మళ్ళీ దోపాడు.