తడికెల లోపల ఇంజను

గాలిదుమారానికి పెద్దపల్లిలో కరెంటు స్తంభాలు కూలి పద్దెనిమిది రోజులైంది. టూరింగ్ టాకీసులో ఇంజను నడిపే అజీముద్దీన్ ఇంట్లో మాత్రం ఫ్యాను తిరుగుతూనే ఉంది. డేరా చినిగి ఆటలు ఆగిపోవడంతో, అక్కడి చిన్న జనరేటరును యజమానిని బతిమాలి ఇంటికి తెచ్చాడు. జ్వరంతో ఉన్న తల్లి సుల్తాన్ బీకి ఆ గాలే ప్రాణం.

మొదట దాన్ని వాకిట్లో పెట్టాడు. ఆ వింత చూడ్డానికి పట్టపగలే వాడకట్టంతా ప్రహరీ ఎక్కింది. అతని భార్య ఖుద్సియాది ఘోషా.

"గోడ మీద మొగోళ్లు కూసున్నరు. నేను బాయికాడికి ఎట్ల పోవాలె?" అంది.

దాంతో అతను ఇంజనును అమ్మ మంచం ఉన్న వసారాలోకి జరిపి, ఏటా ఎండలకు చేసినట్టే చుట్టూ వట్టివేళ్ల తడికెలు దించి నీళ్లు చల్లాడు. డేరా దగ్గర ఇంజను ఎప్పుడూ ఆరుబయటే ఉండేది. పొగ ఎటు పోతుందో ఆలోచించే పని అతనికి ఏనాడూ పడలేదు.

పెట్రోలు కోసం వెళ్లి తిరిగొస్తుంటే వీధి మలుపులోనే ఇంజను చప్పుడు వినపడింది. అమ్మ హాయిగా పడుకుని ఉంటుందనుకుని తీరిగ్గా నడిచాడు.

తడికె ఎత్తగానే పొగ ముఖాన కొట్టింది. అమ్మ మంచం మీద ఉంది. ఖుద్సియా చేతిలో తడిగుడ్డతో మంచం పట్టె మీద తల వాల్చి ఉంది. ఎంత కుదిపినా ఇద్దరూ లేవలేదు. ఇద్దరిలోనూ ఊపిరి లేదు. ఫ్యాను గాలికి ఖుద్సియా కొంగు మాత్రం కదులుతోంది.

ఇంజను ఆపాడు. రెక్కలు ఇంకో నాలుగు చుట్లు తిరిగి నిలిచాయి.

గోడ అవతలి నుంచి పొరుగింటి హనుమండ్లు కేకేశాడు. "అజీం భాయ్, ఇంజను బంద్ జేసినవ్. కరెంటొచ్చిందా?"