తుంగ ఎంత లోతు

తవిటమ్మత్త బురదలో వంగి కలుపు తీస్తూ ఉంది, ఆ వరిమడి మధ్యలోనే ఆసుపత్రి బల్లలు వరసగా వేసి ఉన్నాయి, వాటి మీద కూర్చున్నవాళ్ల పాదాలు నీళ్లలో నాని తెల్లబడుతున్నా ఎవరూ లేవడం లేదు. ఆమె మా నాన్న చెల్లెలు, నాలుక క్యాన్సరుతో పోయి చాలా ఏళ్లయింది, అయినా ఇక్కడ పని చేసుకుంటూ కనిపించడం నాకు వింతగా లేదు. నోట్లో అడ్డచుట్ట కూడా ఉంది, మా వైపు ఆడవాళ్లు కాల్చినట్టే నిప్పు లోపలికి పెట్టుకుని.

"ఇంకా మానలేదా అత్తా?"

"ఇప్పుడు మాని ఏటి సేసుకోవాల?"

నేను నాలుక పక్కకు తిప్పి చూపిస్తాను. చుట్ట ఏనాడూ ముట్టని నాకు కూడా అక్కడే పుండు లేచింది. "మినపగింజంత ఉంది. నీదీ ఇంతే కదా, మొదట్లోనే కోయించుకున్నావు కదా, మరెందుకు పోయావు?" అని అడుగుతాను, అడిగాక గాని తెలియదు, ఇన్నాళ్లూ నా కడుపులో ఉన్న ప్రశ్న ఇదేనని.

ఆమె చేతిలోని మొక్క పైకెత్తుతుంది. "ఒలే కుమారీ, తుంగ పీకినావా ఎప్పుడైనా? ఆకు ఇంతే. గడ్డ ఏడుంతాదో సెప్పు." చేయి బురదలోకి మోచేతి దాకా దించుతుంది, మడి లోతవుతూ పోతుంది, బల్లలు మెల్లగా గట్టువైపు తేలిపోతాయి. "సుట్టూరా మంచి కండ దాకా తీసీసినాం అన్నాడు డాక్టరు. అదీ నిజిమే. కానీ పుండు లోతుకి దిగిందని తరవాత తెలిసింది. మెడ కూడా సేసీద్దాం రమ్మన్నాడు. నానెల్లనేదు."

"ఎందుకెళ్లలేదు?"

"మెడలో ఏటుందని? ముద్దా, నొప్పా? ఊడుపులు కూడాను."

నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. "ఊళ్లో నాట్లు వెయ్యడానికి నువ్వొక్కదానివే ఉన్నావా?"

"మరి నీకేటే అడ్డు?"

నేను నసుగుతాను. మా డాక్టరమ్మ కూడా అదే చెప్పింది, పుండు చిన్నదే గాని లోతు ఎక్కువ, అలాంటిది మెడ గ్రంథుల్లోకి తెలియకుండా పాకి ఉండొచ్చు, వాటినీ తీసేస్తే మేలు అని. భుజం పట్టు కొంత తగ్గొచ్చని కూడా దాచకుండా చెప్పింది. నేను కర్రీ పాయింటు నడుపుతాను, గుండిగలు దించేది ఈ భుజమే, అందుకే నాలుక మటుకు చెయ్యండి చాలు అనేశాను.

"అప్పుడు వెళ్లి ఉంటే బతికేదానివా అత్తా?"

"నాకేటి తెలుసు? అందరికీ ఒకలాగ అవదంట. బతుకుదునేమో." అంటూ నా చేయి లాగి తన దవడ కింద పెట్టుకుంటుంది. చింతపిక్కంత ముద్ద, రాయిలా గట్టిగా.

"ఇదెప్పుడొచ్చింది?"

"కోతలప్పుడు."

"మరి ఊడుపులప్పుడు?"

"ఏటీ నేదు. నున్నగుండీది."

కళ్లు తెరిచేసరికి తెల్లవారింది, వార్డులోకి టీ వచ్చింది. నా చేయి నా దవడ కిందే ఉంది. వేళ్లతో తడిమి చూసుకున్నాను. ఏమీ లేదు, నున్నగా ఉంది. నిన్నటిదాకా నాకు ధైర్యం ఇచ్చింది ఆ నునుపే, ఇప్పుడు దాన్ని ముట్టుకుంటే భయం వేసింది.

కింద చాప మీద పడుకున్న మా ఆయనను లేపాను.

"డాక్టరమ్మ వచ్చిందేమో సూడు. మెడ కూడా సెయ్యమని సెప్పాల."