మాల క్రింది మైకు

చండభానుకిరణజాలమున మాడిన పెంకుటిండ్ల కప్పులు ఆవిరులు గ్రక్కుచుండగా వీధికుక్కలు సైతము అరుగుల నీడల నాలుకలు వ్రేలవైచి పడియుండగా వైశాఖమధ్యాహ్నము బొబ్బిలి పట్టణముపై గుదిబండవలె కూర్చుండెను. ఆ వేళ మంగతాయారు భాగవతారిణి తన యింటి నడిమిగదిలో చిడతలు చేతబట్టి చివరి హరికథకు నిలువబడెను. నలువదియేండ్లు సభల నుఱ్ఱూతలూపిన యా కంఠమున రాచపుండు పుట్టినదనియు మరునాడు స్వరపేటికను కోసి తీసివేయక తప్పదనియు వైద్యులు నిర్ణయించియుండిరి. ఆమె చెప్పబోవునది ఏ కాగితముపైనను ఏ వీడియోలోను ఇంకను ఎక్కని తన సొంత సీతాకథ. దానిని ఆ గళముతోనే నిలుపు భారమును శిష్యుడైన అప్పలసూరి తలకెత్తుకొనెను.

పండ్రెండేండ్లుగా అతడు గురువమ్మ కథలను వీడియోలు తీయుచుండినవాడు. కెమెరాలోని మైకునకు వీధిరొద యెల్ల నెక్కునని క్లిప్పుమైకు నొకదానిని కొనితెచ్చి ఆమెచేతనే రవికె అంచున పెట్టించెను. అంతట నామె మల్లెలు మరువము కలిపి కట్టిన దండను మెడలో వేసికొనెను. అది సరిగా మైకుపై పడెను. దండ తీసివేయుడని అతడు నసుగుచు విన్నవించెను.

“మెడలో మాల లేందే కథెత్తనురా నాయనా. ఇన్నేళ్ళూ లేనిది ఈ పూటెందుకు?”

అతడు మాల నట్లే యుండనిచ్చి కెమెరా నడిపెను. హెడ్‌ఫోను పెట్టుకొని ఒక్కసారి వినియుండిన గుట్టు తెలిసిపోయెడిది. హరికథ నడుచుచుండ గురువు నెదుట చెవులు మూసికొనుట అపచారమని దానిని ప్రక్కన బెట్టి చేతులు కట్టుకొని నిలువబడెను. బుద్ధి తోడులేని భక్తి యెంతపని చేయునో చూచితిరా! కెమెరా తెరపై శబ్దపు గీతలు పచ్చగా ఎగసిపడుచుండుటయే చాలునని ఆ వెఱ్ఱివాడు నమ్మెను. ఆమె రెండు గంటలు ప్రాణములొడ్డి పాడెను.

ఆమెను ఆసుపత్రిలో చేర్చి వచ్చి ఆ సాయంత్రమే అతడు వినెను. చేటలో ఊక చెరిగినట్లు పూలు మైకును రాచిన చప్పుడే మొదలునుండి తుదివఱకు. గొంతు ఎక్కడో అడుగున మూలుగువలె వినవచ్చుచుండెను. మరల పాడుమని ఆమె నడుగ మొగము చెల్లక శబ్దము శుభ్రపఱచువారి కాళ్ళు పట్టుకొనెను. మిగిలినది యేమియు లేదని వారు చెప్పిరి. అప్పటికి ఆమెకు శస్త్రచికిత్స ముగిసియుండెను.

తొమ్మిదవనాడు ఆసుపత్రి మంచముపై ఆమె కాగితమున “వినిపించు” అని వ్రాసెను. అతడు తలవంచి జరిగినదెల్ల చెప్పి వెక్కి వెక్కి యేడ్చెను. ఆమె కోపింపలేదు. మరల కలము తీసికొనెను.

“పోన్లే. నీకొచ్చు కదా, పాడు.”

అతడు తొలిపద్యమెత్తెను. మొదటి పాదము వచ్చెను. రెండవది రాలేదు. యంత్రము గుర్తుంచుకొనునను ధీమాతో ఇన్నేండ్లును అతడొక్క పద్యమైనను కంఠస్థము చేసియుండలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసెను.

శిష్యుడు తడబడినపుడు అందించుట ఆమెకు అలవాటు. రెండవ పాదమును పెదవులతో మెల్లగా పలికెను. శబ్దము లేదు. అతడు కన్నులప్పగించి చూచెను గాని ఒక్క యక్షరమైనను అందలేదు. ఆమె మరల మొదటినుండి పెదవులు కదలింపసాగెను.