నీలం కింది ఎరుపు

కంచరపాలెంలో రైలుకట్ట పక్కనున్న జోజి రేకుల షెడ్డుకి బోర్డు లేదు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. వెలిసిపోయిన కారుకి మళ్ళీ మెరుపు తెప్పించాలంటే విశాఖపట్నంలో ముప్ఫై ఏళ్ళుగా అందరూ చెప్పే పేరు ఒకటే. ఈ ఊళ్ళో కారు రంగుకి శత్రువుల కొరత లేదు. సముద్రం ఉప్పు పంపిస్తుంది, పోర్టు ఇనప రజను పంపిస్తుంది, ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. కొత్త కారు కొని నాలుగు ఎండాకాలాలు బయట నిలబెట్టినవాడికి తన బండిది ఏ రంగో కాగితాలు తీసి చూసుకుంటే గాని గుర్తురాదు.

జోజి రంగు వెయ్యడు, ఉన్న రంగునే బతికిస్తాడు. పాత బళ్ళకి కంపెనీలో వేసిన రంగు మందంగా ఉంటుంది. పైపొర ఎండకి చచ్చి సున్నం కొట్టినట్టు తెల్లబడినా లోపల ప్రాణం ఉంటుంది. చచ్చిన పొరను గుడ్డతో, అరగదీసే కాంపౌండు ముద్దతో, భుజం సత్తువతో తీసెయ్యాలి. ఎంత తియ్యాలో, ఎక్కడ ఆపాలో తెలియడమే అసలు పని. నీలం కారుని రుద్దితే గుడ్డకి నీలం అంటుతుంది. నీలం అంటినంతసేపూ భయం లేదు. ఎరుపు అంటిందంటే మాత్రం రంగు పొర పూర్తిగా అరిగిపోయి, తుప్పు పట్టకుండా అడుగున పూసిన ఎర్రటి రెడాక్సైడు బయటపడిందన్నమాట. పోయిన పొరను ఇక ఎవరూ తిరిగి తేలేరు.

"కింది రంగు కనపడిన రోజున గుడ్డ దించీత్తాను" అని జోజి నలుగురిలో అనేవాడు. ఆ రోజుతో పని మానేస్తానని. మొదట్లో అడ్డదిడ్డంగా రుద్దే మిగతావాళ్ళని ఎద్దేవా చెయ్యడానికి అన్న మాట అది. అనగా అనగా అదే అతని బోర్డు అయిపోయింది. ఒక ఆదివారం పాస్టరు గారు కూడా మాట మీద నిలబడడం గురించి చెబుతూ జోజి పేరెత్తారు. దాంతో ఆ మాట వెనక్కి తీసుకునే దారి కూడా మూసుకుపోయింది.

అప్పుడతనికి ముప్ఫై నిండలేదు. ఇప్పుడు, రెండువేల ఒకటి మార్చిలో, యాభై తొమ్మిది. మొన్న క్రిస్మస్ నుంచి కుడిచేతి మూడు వేళ్ళకి స్పర్శ లేదు. భుజం నెప్పి సరేసరి, అది ఎప్పటినుంచో ఇంట్లో మనిషిలా ఉంటూనే ఉంది. వేళ్ళ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. భార్య ప్రేమలీల "ఇంక మానీ, గ్రేసీ నాన్నా" అని ఏళ్ళ తరబడి పోరుతూనే ఉంది. ఇది తెలిస్తే ఇక ఊరుకోదు. మానేస్తే ఏం చెయ్యాలో జోజికి తెలియదు. పొద్దున్నే లేచి షెడ్డు తాళం తియ్యడం తప్ప అతనికి ఇంకో బతుకు లేదు. అందుకే టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు.

గురువారం పొద్దున్న యారాడ నుంచి మోహన్ తన అంబాసిడర్ తీసుకొచ్చాడు. డెబ్బై ఎనిమిది మోడలు, పుట్టుకతో ముదురు నీలం. అప్పటికి దాన్ని ఏ రంగు అనాలో తేల్చడం కష్టం. ఒళ్ళంతా జిగటగా, నల్లగా మడ్డి పట్టింది. మోహన్ జాలర్ల ఇంటి కుర్రాడే గాని సముద్రం మీదకి వెళ్ళడు. గాజువాకకీ యారాడకీ మధ్య టాక్సీ తిప్పుకుంటాడు. వెనక సీట్లో అతని తల్లి ముసలమ్మ, సిటీ బస్సులో కూర్చున్నట్టు కడ్డీ కోసం వెతుక్కుంటూ ఒదిగి కూర్చుంది. నాలుగున్నర అడుగుల మనిషి.

"సోమవారం గెస్ట్‌హౌసు మేనేజరు బండి సూత్తాడు మావా" అన్నాడు మోహన్. "పాత అంబాసిడరే కావాలంట ఆళ్ళకి. బండి పాతదైనా పర్నేదు గాని మాసినట్టు కనపడకూడదన్నాడు. నచ్చితే నెలవారీ పెట్టుకుంటాడు. నేదంటే దీన్ని అమ్మీసి బోటెక్కడవే."

"ఎక్కితే ఏటి? మీవోళ్ళందరూ ఎక్కుతన్నారు గదా."

"నాకు నీళ్ళు పడవు మావా. ఒడ్డు దాటితే వాంతులు. మా నాన్న మూడు సార్లు తీసికెళ్ళి మూడు సార్లూ తిట్టుకుంటా తెచ్చీసేడు."

జోజి బానెట్ మీద వేలు రాసి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "ఏటిదీ, కారులో సేపలు మోత్తన్నావా?"

"మాయమ్మ. అమాస అమాసకీ సొరసేప నూనె రాసీత్తది. ఎక్కినోళ్ళు ముక్కు మూసుకుని దిగిపోతన్నారు. సెప్తే వినదు."

ముసలమ్మ కారు దిగి చెంగు సవరించుకుంది. "తెప్పకి రాయమేటి? మీ నాన్న తెప్ప ఇరవయ్యేళ్ళు పుచ్చిపోనేదు. నాను రాయబట్టే. కూడు పెట్టీదాన్ని ఉప్పుగాలికి ఒదిలీమంటావా?"

"కర్రా ఇనుమూ ఒకటేనా అప్పా" అని జోజి ఆమెని అక్క వరస పిలిచి నవ్వాడు. కొంచెం ఎక్కువగానే నవ్వాడు. ముసలమ్మ నొచ్చుకుందో లేదో తెలియలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, కొడుకు వెనకే బస్సుకి నడిచింది.

ఆ మడ్డి వదిలించడానికే రోజంతా పట్టింది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్ళతో కడిగి, మళ్ళీ తుడిచి, మళ్ళీ కడిగి. నూనె, దానికి అతుక్కున్న ఇనప రజను, దాని మీద మళ్ళీ నూనె, మోహన్ బండి కొన్నప్పటినుంచీ ఆరేళ్ళ అమావాస్యలు అట్టకట్టి ఉన్నాయి. జోజి ముసలమ్మని మనసులో తిట్టుకోని నిమిషం లేదు. సాయంత్రానికి చెయ్యి మోచేతి దాకా చచ్చుబడి, అన్నం కలుపుకోలేక చెంచా అడిగాడు. ప్రేమలీల చెంచా ఇచ్చింది. అతని మొహం వైపు చూసింది.

శుక్రవారం బానెట్ మీద గుడ్డ పెట్టాక జోజి తిట్లు ఆగిపోయాయి. నాలుగు రుద్దులకే నీలం పైకొచ్చింది. అలాంటిలాంటి నీలం కాదు, పొద్దున్నే బోట్లు వెళ్ళే వేళకి సముద్రం ఉంటుందే, ఆ నీలం. ఇరవై మూడేళ్ళ రంగు ఇంత తేలిగ్గా లేవడం అతనెప్పుడూ చూడలేదు. నూనె లోపలికి ఇంకి రంగుని ఎండకుండా కాపాడింది. ఆ ముసలావిడ తెలిసి చేసినా తెలియక చేసినా సరైన పనే చేసింది. జోజికి సంతోషమూ వేసింది, ఒళ్ళూ మండింది. ముప్ఫై ఏళ్ళుగా తాను చేసే పని ఒక చేపల మనిషి అమావాస్యకోసారి చేసి పడేసిందని ఎవరితో చెప్పుకుంటాడు? చెప్పలేదు. తలుపులు, మడ్‌గార్డులు, డిక్కీ, అన్నీ సాయంత్రానికి తేలాయి.

శనివారానికి టాపు మిగిలింది. అక్కడ ముసలమ్మ చెయ్యి రెండు పక్కల నుంచీ ఎంతవరకు అందిందో అంతవరకు రంగు బాగుంది. మధ్యలో చాప పరిచినంత మేర నూనె చుక్క ఎరగదు. తెల్లగా, పొడిపొడిగా, గోరు పెడితే బూడిద రాలుతోంది.

ఇలాంటి చోట ఏం చెయ్యాలో జోజికి తెలుసు. పని నేర్పిన ఉస్తాద్ చెవి మెలిపెట్టి మరీ నేర్పాడు. అవిసె నూనె బాగా పట్టించాలి, ఒక రాత్రంతా తాగనివ్వాలి, ఆ తర్వాతే కాంపౌండు ముట్టాలి. కానీ రాత్రి తాగితే మర్నాడు ఆదివారం. ఆదివారం జోజి గుడ్డ ముట్టడు. సోమవారం పొద్దున్నే బండి గెస్ట్‌హౌసు ముందు ఉండాలి. ఇవన్నీ నిజమే. వీటన్నిటికన్నా పెద్ద నిజం ఏమిటంటే అతను అలిసిపోయాడు. ఎంత తొందరగా అయితే అంత తొందరగా ఈ కారు తన కళ్ళముందు నుంచి వెళ్ళిపోతే బాగుణ్ణు అనిపించింది. ఎండిన రంగు మీదే కాంపౌండు పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు.

వేళ్ళు బాగున్న రోజుల్లో అయితే గుడ్డ కింద రంగు పలకడం తెలిసేది. పొర పలచబడుతుంటే గుడ్డ జారే తీరు మారుతుంది, వేలికొనకి వేడి తగులుతుంది. ఇప్పుడు ఏదీ తగల్లేదు. కట్ట మీద గూడ్సు వెళుతోంది. దాని పెట్టెలు లెక్కపెడుతూ, ఆ ఊపులోనే చెయ్యి ఆడిస్తున్నాడు. గూడ్సు వెళ్ళిపోయాక గుడ్డ ఎత్తి చూశాడు. ఎరుపు.

నమ్మలేదు. గుడ్డ తిరగేసి శుభ్రమైన వైపుతో మెల్లగా తుడిచాడు. ఎరుపే. టాపు నడిమధ్యన అరచెయ్యంత మేర నీలం పోయి, ఎర్రగా కనపడుతోంది.

జోజి డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ముందు భయం వేసింది, ఆ తర్వాత సిగ్గేసింది. కాసేపటికి రెండూ పోయి, ఎవరూ చూడలేదు కదా అన్న ఆలోచన వచ్చింది. గెస్ట్‌హౌసు కొండవాలులో ఉంది. మేడ మీంచి చూసేవాడికి ముందు కనపడేది టాపే. అయితేనేం? షెడ్డు మూల, టాపు మీద సామాన్లు కట్టే పాత ఇనప కేరియర్ ఒకటి పడి ఉంది. అది బిగించేస్తే ఎరుపు దాని కింద పోతుంది. జోజి లేచి కేరియర్ బయటికి లాగాడు, బూజు దులిపాడు. దులుపుతున్నంతసేపూ తన చేతుల వైపు చూసుకోలేదు.

నాలుగింటికి మోహన్, ముసలమ్మ వచ్చారు. మోహన్ తలుపు మీద తన మొహం తాను చూసుకుని పళ్ళికిలించాడు. ముసలమ్మ తలుపు తీసి, గుమ్మం మీద కాలు పెట్టి పైకి లేచి టాపు చూసింది.

"మజ్జిలో ఎర్రగా ఏటి తమ్ముడా?" అంది. జోజి జవాబు చెప్పేలోపే తన చెయ్యి చాపి కొలుచుకుంది. అరచెయ్యి ఆ మచ్చకి మూరెడు దూరంలో ఆగిపోయింది. "అక్కడికి అందీది కాదు. పీటేసుకుని రాయవలసింది. ముసిల్దాన్ని, బద్దకించీసేను. నా మూలంగానే సచ్చిపోనాది."

మోహన్ పళ్ళు కనపడటం మానేశాయి. ఎగిరి టాపు చూసి తల్లి మీదకి తిరిగాడు. "నూనొద్దు మొర్రో అంటే విన్నావా? రాసిన సోట కంపు, రాయని సోట ఇదీ. ఎల్లుండి ఆడు మేడ మీంచి సూసి పొమ్మంటే నాను బోటెక్కాలి. నీకు సల్లగా ఉంటాది."

ముసలమ్మ గుమ్మం మీంచి దిగి, తప్పు చేసిన పిల్లలా కారుకి ఆనుకుని నిలబడింది.

జోజి ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు, పేరు నిలబడుతుంది. సోమవారం ఇంకో కారు వస్తుంది, షెడ్డు తాళం తీసుకోవచ్చు. ఆవిడ తప్పు తనంతట తానే నెత్తిన పెట్టుకుంది, కొడుకు నమ్మేశాడు. షెడ్డు వెనక ఇంట్లోంచి ప్రేమలీల టీ గ్లాసులతో వస్తోంది. ఆమె వచ్చేదాకా నోరు మూసుకుంటే ఆ తర్వాత మాట టీ మీదకి మళ్ళిపోతుంది. అన్నీ తెలుసు. కానీ ముసలమ్మ ఇంకా తన అరచెయ్యి వైపే చూసుకుంటోంది. అది చూడలేకపోయాడు.

"ఆయమ్మని అనకు మోహనా" అన్నాడు. "రంగు సావనేదు. నాను తీసీసేను."

"ఏటంటన్నావు మావా?"

"నూనె పట్టించి ఒక రేత్రి ఒదిలీవలసింది. ఒదల్నేదు. నా వేళ్ళకి తెలివి నేదు, క్రిస్మస్ నించీ. ఎంతకాడికి రుద్దేనో తెల్నేదు." ముసలమ్మ వైపు తిరిగాడు. "అప్పా, నీ సెయ్యి తగిలిన సోటల్లా రంగు బతికున్నాది. మొన్న నిన్ను సూసి నవ్వేను. అదీ తప్పే."

ప్రేమలీల గ్లాసులు పట్టుకుని అక్కడే ఆగిపోయింది. టీ ఎవరూ అందుకోలేదు. మోహన్ కేరియర్ వైపు చూశాడు, అది ఎందుకు బయటికొచ్చిందో అతనికి అర్థమైంది. కోప్పడతాడని జోజి ఎదురుచూశాడు. కోప్పడి ఉంటే బాగుండేది. మోహన్ మాత్రం నెమ్మదిగా "ఇప్పుడేటి సేద్దాం మరి?" అన్నాడు.

ఆ రాత్రే ఎరుపు మీద నీలం రంగు కుంచెతో పలచగా, పొర ఆరాక పొరగా జోజి మూడు సార్లు వేశాడు. పక్కన ఎండిన చోటంతా అవిసె నూనె పట్టించాలి. ఆదివారం జోజి గుడ్డ ముట్టడు గాని ముసలమ్మకి ఆ నియమం లేదు. ఆరాధన ముగిశాక అతను చర్చి బట్టల్లోనే కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆవిడ పీట ఎక్కి, అతను చెప్పినట్టు నూనె మర్దించింది. చెప్పాల్సింది పెద్దగా లేకపోయింది. సోమవారం తెల్లవారకముందే జోజి లేచి నూనె తుడిచి, ఎడమచేత్తో గుడ్డ పట్టి మెల్లగా రుద్ది, పైన మైనం పట్టించాడు. మచ్చ పూర్తిగా పోలేదు. కేరియర్ బిగించమంటావా అని అడిగితే మోహన్ వద్దన్నాడు.

సాయంత్రం మోహన్ కారులోనే వచ్చాడు. బండి నచ్చింది, రేపటినుంచే రమ్మన్నారు. మేనేజరు శ్రీనివాసరావు గారు మేడ మీంచి టాపు చూసి ఆ మచ్చేమిటని అడిగారట. చేత్తో చేసిన పని సార్, ఒక చోట అలా అయింది అంటే సర్లే అన్నారట.

"ఆయన సొంత కారొకటి, గెస్ట్‌హౌసువి రెండు ఉన్నాయంట మావా. నిన్నే సెయ్యమన్నాడు. ఇంకెవులికీ ఇవ్వనన్నాడు."

"మానీసేడని సెప్పు."

"ఎరుపు తేలిన సంగతి ఇంకెవులికీ తెల్దు మావా. తెలిసింది నాకూ, మాయమ్మకీ, అత్తకే. ఎవులం సెప్తాం?"

"ఆ బళ్ళకీ ఎరుపొత్తాది మోహనా" అన్నాడు జోజి. "మొన్న నోరు మూసుకుందావనే కూకున్నాను. ఇంకొకసారి ఎవుల మీద పెట్టీత్తానో నాకే తెల్దు."

మోహన్ కారు తిప్పుకుని వెళ్ళాడు. రైలుకట్ట మలుపు దాకా నీలం కనపడుతూనే ఉంది.

మానెయ్యమని ఏళ్ళ తరబడి పోరిన ప్రేమలీల గుమ్మంలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమెని ఓదార్చే ఓపిక జోజికి లేదు. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె అతని కుడిచెయ్యి ఒళ్ళోకి లాక్కుని మూడు వేళ్ళూ గట్టిగా నొక్కింది.

"తెలత్తన్నాదా?" అని అడిగింది.

తెలియడం లేదని చెప్పాడు.